నేలరేకులో రెండు రంధ్రాలు

మా పేటలో ఎవరు కొత్త బండి కొన్నా దానికి మొదట జరిగేది పూజ కాదు. నాన్న డ్రిల్లింగ్ మిషన్ పట్టుకుని వచ్చి, వెనక సీట్ల కింది నేలరేకుకు రెండు రంధ్రాలు పెట్టాలి. కొబ్బరికాయ, నిమ్మకాయలు ఆ తరవాతే. షోరూం నుంచి దించిన గంటలోపే కొత్త వ్యానుకు చిల్లులు పెట్టుకునేవాళ్లు ఎక్కడైనా ఉంటారా అని కాలేజీలో ఒక స్నేహితురాలు నవ్వింది. మా బళ్లు ఏం మోస్తాయో ఆమెకు తెలియదు.

ఫిషింగ్ హార్బర్‌లో వేలం ముగియగానే చేపలమ్మే ఆడవాళ్లు గంపలతో బండెక్కుతారు. గంపల్లో చేపల మీద ఐసు ఉంటుంది. అది కరిగి, ఎలమంచిలి బజారు చేరేసరికి ఉప్పునీరు పాదాల చుట్టూ నిలుస్తుంది. ఆ నీటికి దారి చూపకపోతే రెండు వర్షాకాలాల్లో రేకును తినేస్తుంది. అందుకే రంధ్రాలు. ఏటా వానలకు ముందు ఒక ఆదివారం బళ్లన్నీ మా ఇంటి ముందు ఖాళీ జాగాలో వరసగా నిలిపి, అడుగుభాగానికి వాడేసిన ఇంజన్ ఆయిల్ పూయడం కూడా అందుకే. ఆ రోజును మా వీధిలో నూనె ఆదివారం అంటాం.

పన్నెండు బళ్లు. పన్నెండూ ఒకే కంపెనీవి. అందుకు కారణం నాన్న మాట. ఆయన ఉక్కు కర్మాగారంలో ఫిట్టర్. ఏ బండి దగ్గరికి వెళ్లినా తలుపు మీద వేళ్ల కణుపులతో రెండుసార్లు కొట్టి, తల వంచి వింటాడు. ఆ చప్పుడు విని "ఇది గంట" అనో "ఇది డబ్బా" అనో తేల్చేస్తాడు. ఇరవై ఏళ్లపాటు మా వీధి ఆ చెవిని నమ్ముకుని బళ్లు కొంది.

రంధ్రాల విద్య కూడా నిజానికి ఆ కంపెనీ నుంచి వచ్చిందే. మద్దిలపాలెంలో వాళ్ల పాత వర్క్‌షాపు ఉండేది. అక్కడి మేస్త్రీ ఒకాయన నేను పుట్టకముందు స్వయంగా హార్బరుకు వచ్చి, బండి కింద వెల్లకిలా పడుకుని, ఎక్కడ చిల్లు పెడితే నీళ్లు నిలవవో సుద్దముక్కతో గీసి చూపించాడట. నాన్న ఆ సంగతి ఎన్నిసార్లు చెప్పినా మొదటిసారి చెబుతున్నట్టే చెప్పేవాడు.

"కంపెనీ మనిసి. మన సేపల నీళ్లల్లో పడుకున్నాడు. ఇంకేటి కావాల?"

నేను కాలేజీ డిబేట్లలో పెరిగినదాన్ని. చీటీ తీస్తే అనుకూలం వచ్చినా ప్రతికూలం వచ్చినా వాదించగలను. ఇంట్లోనూ ఆ అలవాటు పోలేదు. ఒక కంపెనీని మనం ప్రేమించినంత మాత్రాన అది మనల్ని ప్రేమించాలన్న నియమం ఎక్కడుందని ఒకసారి నాన్నను అడిగాను.

"నీకు కప్పులిచ్చినోల్లు ఎప్పుడైనా గంపట్టుకుని బండెక్కారేటి?" అని ఆయన నవ్వేశాడు. వాదన అక్కడితో ముగిసింది. ఆయనతో ఎప్పుడూ అలాగే ముగుస్తుంది.

మా మేనమామ బండి పాతదైపోయింది. అమ్మకు ఆయన ఒక్కడే తమ్ముడు. కొన్నాళ్లు బోటు మీద వేటకు వెళ్లి, నడుం దెబ్బతిన్నాక, ఆ చేపల ఆడవాళ్లను ఎలమంచిలి తీసుకెళ్లే పని పట్టుకున్నాడు. ఒక సాయంత్రం మా అరుగు మీద కూర్చుని, కొంచెం బెరుకుగా మాట కదిపాడు.

"బావా, మనోడికి పోటీగా వచ్చిన ఆ రెండో కంపెనీ బండి సూసాను. బాగుంది. మన కంపెనీవోడిది మారిపోనాదంతన్నారు."

"ఎవడన్నాడు?"

"అందరూనూ. తలుపు మీద కొడితే పలకట్లేదంట."

"నువ్వు కొట్టీసావేటి? వల లాగీ సెయ్యది, దానికేటి తెలుస్తాది! మనోడు మనోడే. రేపు పోదాం పద."

మర్నాడు ముగ్గురం వెళ్లాం. పాత వర్క్‌షాపు ఎప్పుడో మూసేశారు. ఇప్పుడు హైవే పక్కన నిలువెత్తు అద్దాల షోరూం. లోపల చల్లగా, ఏదో పూల వాసన. నాన్న కొత్త మోడల్ దగ్గరికి వెళ్లి తలుపు మీద కొట్టాడు. ఆ చప్పుడు నాకూ వినిపించింది: అట్టపెట్టె మీద కొట్టినట్టు. ఆయన ఆగాడు. కొంచెం కిందికి వంగి మరోచోట కొట్టాడు. అదే చప్పుడు.

మామ ఆయన ముఖంలోకే చూస్తున్నాడు.

"పర్లేదు," అన్నాడు నాన్న.

ఆ ఒక్క మాటను నేను ఎన్నోసార్లు తిరగేసి చూశాను. ఆయన అబద్ధం చెప్పలేదు. విన్నదాన్ని నమ్మలేకపోయాడు. ఇరవై ఏళ్లు తాను పదిమందికీ చెప్పినదాన్ని ఒక్క చప్పుడు కోసం వదులుకోలేకపోయాడు.

బండి చేతికిచ్చే రోజున అమ్మకాల విభాగంలో పనిచేసే ఒకమ్మాయి ఒక ట్యాబ్ తెచ్చి మామ చేతిలో పెట్టింది. నిబంధనలు చదివి, అంగీకరిస్తున్నట్టు చివర నొక్కమంది. అంతా ఇంగ్లిషు. మామ దాన్ని నా వైపు జరిపాడు.

"కోడలా, సదువుకున్నదానివి, నువ్వు నొక్కు."

బయట బండికి దండ వేసి డ్రైవరు సీటు తలుపు తెరిచి ఉంచారు. అందరూ మా కోసం ఎదురుచూస్తున్నారు. వేలితో తెరను పైకి తోశాను, అక్షరాలు పరిగెత్తాయి. చివర గడి కనిపించగానే నొక్కాను. ప్రతి వాక్యానికీ ఆధారం అడిగే నేను అన్ని పేజీల్లో ఒక్క వాక్యం కూడా చదవలేదు.

ఇంటికి తెచ్చాక నాన్న ఎప్పటిలాగే రంధ్రాలు పెట్టాడు. మొదటిదానికి రేకు తెగి మిషన్ ఊగగానే ఆపాడు. ఆయన చేతికి ఆ కొలత కంఠస్థం. చెంబుతో నీళ్లు పోశాడు. నీళ్లు రంధ్రంలోకి దిగిపోయాయి. కింద నేలంతా బండి కడిగిన నీళ్లతో అప్పటికే తడిసి ఉంది. కాబట్టి ఆ నీళ్లు కింద పడ్డాయో లేదో ఎవరూ వంగి చూడలేదు.

మూడో వారంలో, ఎలమంచిలికి కాస్త ఇవతల, హైవే మీద బండి ఆగిపోయింది. ముందున్న తెర నిండా ఎర్ర గుర్తులు వెలిగి, అంతలోనే ఆరిపోయాయట. వెనక తలుపు తెరుచుకోలేదు, అద్దాలు దిగలేదు. ఎండ ఎక్కుతోంది. ఏడుగురు ఆడవాళ్లు గంపలు వదిలేసి, సీట్ల మీదుగా పాకి, ముందు తలుపులోంచి ఒక్కొక్కరే బయటపడ్డారు. వాళ్లలో పెద్దావిడ రోడ్డు పక్కన కూలబడి అన్న మాటను మామ మాకు నవ్వుతూనే చెప్పాడు: "ఓలమ్మో, గంపలో సేపకీ నాకూ తేడా లేకుండా పోనాది!" చెప్పడం పూర్తయ్యాక ఆయన నవ్వలేదు. ఆ రోజు చేపలన్నీ పాడయ్యాయి. ఆ ఆడవాళ్లకు మళ్లీ ముఖం ఎలా చూపించాలన్నదే ఆయన బాధ.

సర్వీసు వాళ్లు బండి విప్పి కారణం చెప్పారు. కొత్త మోడల్‌లో నేలకు ఒక రేకు కాదు, రెండు. రెండింటి మధ్యా వైర్లు. నాన్న రంధ్రం పై రేకు వరకే వెళ్లింది. మూడు వారాల ఉప్పునీరు ఆ సందులోకి దిగి, పోయే దారి లేక, వైర్లను కొరుక్కుతింది. రంధ్రం పెట్టింది మేమే కాబట్టి వారంటీ వర్తించదన్నారు.

నేను వాదించడానికి వెళ్లాను. అంతకు ముందు రాత్రంతా మాటలు కూర్చుకున్నాను. నాన్న, మామ నా వెనక సోఫాలో కూర్చున్నారు. మేనేజరు మర్యాదస్తుడు, నన్ను మధ్యలో ఆపలేదు. ఈ బళ్లు ఏ పనికి వాడతామో ఈ కంపెనీకి ఇరవై ఏళ్లుగా తెలుసన్నాను. రంధ్రం పెట్టడం నేర్పింది మీ మనిషేనన్నాను. నేర్పినవాళ్లు పద్ధతి మారినప్పుడు వచ్చి చెప్పాలి కదా అన్నాను.

ఆయన తన తెరను నా వైపు తిప్పాడు. నలభయ్యో పేజీలో ఎక్కడో ఉంది: నేలభాగానికి ఎటువంటి రంధ్రమూ చేయరాదు. చివర, అంగీకారపు గడిలో టిక్కు.

"ఇది నొక్కేముందు ఎవరైనా చదివారా మేడమ్?"

ఆ సమయంలో పక్క కౌంటరు దగ్గరున్న పెద్దాయన లేచి మా సోఫా దగ్గరికి వచ్చాడు. మెడలో టై ఉండటంతో నాన్న వెంటనే పోల్చుకోలేకపోయాడు. ఒకప్పుడు హార్బరులో సుద్దముక్కతో గీసి చూపించిన మేస్త్రీ ఆయనే. గొంతు తగ్గించి మాతో అన్నాడు: "మావాళ్లే నొక్కీసారని సెప్పండి. ఆ అమ్మాయి మీకు సూపించకుండా నొక్కీసిందని. అప్పుడు తప్పు కంపెనీదవుద్ది, బండి బాగుసేసి ఇచ్చేస్తారు. ఇంకే దారీ లేదు బాబూ."

మాకు ట్యాబ్ ఇచ్చిన ఆ అమ్మాయి నాలుగు బల్లల అవతల ఎవరికో కాఫీ అందిస్తోంది. అలా చెబితే ఆమె ఉద్యోగం ఏమవుతుందో మా అందరికీ తెలుసు.

నేను నాన్న వైపు చూశాను. బస్సులో టికెట్ తీసుకోవడం మరిచిపోతే మర్నాడు డిపోకు వెళ్లి కట్టి వచ్చిన మనిషి ఆయన. ఆయన నా కళ్లలోకి చూడకుండా, చేతిలోని తాళాల గుత్తిని చూస్తూ అన్నాడు.

"సెప్పియ్యమ్మా. ఒక్కసారికి."

మేనేజరు ఇంకా జవాబు కోసం ఎదురుచూస్తున్నాడు.

"నేనే నొక్కాను," అన్నాను. "చదవకుండా నొక్కాను."

బయటికి వచ్చాక మామ నేరుగా రోడ్డు మీదికి నడిచాడు. ఆటోను పిలిచి, ఎక్కే ముందు నా వైపు తిరిగాడు. అరవలేదు.

"నీ నీతి నా బండి నడుపుద్దేటి కోడలా?"

నాన్న పాత బండిలో మేమిద్దరమే ఇంటికి వచ్చాం. నేను చేసింది న్యాయమేనని ఇవాళ్టికీ అనుకుంటాను. అనుకున్న ప్రతిసారీ ఆ ఏడుగురు ఆడవాళ్లు సీట్ల మీదుగా పాకడం కనిపిస్తుంది. చదవాల్సింది చదివి ఉంటే నిజం చెప్పాల్సిన అవసరమే వచ్చేది కాదు. ఈ వాదనకు ఎదుటి పక్షం నాలోనే ఉంది. అదింతవరకూ ఓడిపోలేదు.

మామ ఆ బండిని ఉన్నదున్నట్టు ఎవరికో అమ్మేశాడు. మా ఇంటికి రావడం మానేశాడు. అమ్మ రెండుసార్లు కూర పంపింది. గిన్నెలు కడిగి తిరిగి వచ్చాయి గానీ మనిషి రాలేదు. వీధిలో ఎవరూ నాన్నను ఒక్క మాటా అనలేదు. బళ్లు పాతబడినవాళ్లు ఒక్కొక్కరే వేరే కంపెనీ బళ్లు తెచ్చుకున్నారు. నాన్న చూస్తే బాధపడతాడని వాటిని వీధి అవతలి చివర నిలిపేవాళ్లు. ఆ మర్యాద ఆయన్ను తిట్టుకన్నా ఎక్కువగా కుంగదీసింది. సాయంత్రాలు అరుగు మీద కూర్చోవడం మానేసి, వెనక పెరటి వైపు కుర్చీ వేసుకున్నాడు.

అభిమానులు ఎందుకు విశ్వాసం వదులుకుంటారన్న విషయం మీద ఇప్పుడు నాకు చీటీ వస్తే, కంపెనీ మారింది కాబట్టి అని చెప్పలేను. బండిని మార్చే హక్కు దానికి ఉంది. రెండు రేకులు పెట్టడానికి దాని కారణాలు దానికి ఉండి ఉంటాయి. అయితే మొదటి రేకు సంగతి చెప్పడానికి ఒక మనిషి వచ్చి మా నీళ్లలో పడుకున్నాడు. రెండో రేకు సంగతి చెప్పడానికి ఎవరూ రాలేదు. నలభయ్యో పేజీలో రాసి, కింద ఒక గడి పెట్టారు. ఇరవై ఏళ్లుగా మా తెలివి అనుకున్నది ఆ గడి దగ్గర మా నేరమైపోయింది. మా వీధి బళ్లను మార్చుకుని ఊరుకుంది. నాన్న పోగొట్టుకున్నది బండి కాదు.

అదేమిటో ఈ ఏడాది నూనె ఆదివారం నాడు చూశాను. నాన్న పొద్దున్నే ఆయిల్ డబ్బాలు, బ్రష్షులు, గోనెసంచులు జాగాలో సర్దాడు. ఎనిమిదింటికి మూడు పాత బళ్లు వచ్చాయి. పది దాటినా నాలుగోది రాలేదు. పదకొండింటికి వీధి మలుపులో ఒక కొత్త తెల్ల బండి కనిపించింది. రెండో కంపెనీది. అది వీధి చివర ఆగలేదు. నేరుగా వచ్చి మా ముందు నిలిచింది. మామ దిగాడు.

"ఏటి బావా, టీ అయినా ఇస్తావా లేదా?" అన్నాడు, నిన్ననే వచ్చి వెళ్లినవాడిలా. తరవాత బండి వైపు చెయ్యి చూపించాడు. "దీనికీ రెండు సిల్లులు ఎట్టు."

నాన్న చేతిలోని బ్రష్షు కింద పెట్టాడు. గోనె పరుచుకుని బండి కిందికి జరిగాడు. చాలాసేపు ఆయన పాదాలే కనిపించాయి. రేకు మీద కొట్టిన చప్పుడు వస్తుందని ఎదురుచూశాను. రాలేదు. ఇరవై ఏళ్లు వీధి నమ్మిన చెవిని ఇప్పుడు ఆయనే నమ్మడం లేదు. బయటికి వచ్చి, చేతులు తుడుచుకుంటూ అన్నాడు.

"దీనికెన్ని రేకులున్నాయో నాకు తెలీదు. కంపెనీవోడ్ని అడుగు."

"నాను కంపెనీవోడ్నడగలేదు బావా. నిన్నడిగాను."

నాన్న డ్రిల్లింగ్ మిషన్ వైరును చేతికి చుట్టడం మొదలుపెట్టాడు. చుట్టు తప్పుతోంది, విప్పి మళ్లీ చుడుతున్నాడు. నేను మామను అడిగి బండి పుస్తకం తెప్పించుకుని, అరుగు మీద కూర్చుని మొదటి పేజీ నుంచి పైకి చదివాను. వాళ్లిద్దరూ విన్నారు. పిల్లల సీట్ల గురించి ఉంది, మంచు రోడ్ల గురించి ఉంది. చేపల నీళ్ల గురించి ఎక్కడా లేదు. చివరి పేజీ అయ్యేసరికి టీ చల్లారిపోయింది.

మర్నాడు నేనూ హార్బరు నుంచి మామ బండిలో వెళ్లాను. మామ నేల మీద ప్లాస్టిక్ పట్టా పరిచాడు. ఆడవాళ్లు గంపలు సర్దుకుని, సీట్ల కోసం కాసేపు కీచులాడుకుని, సర్దుకున్నారు. ఊరు దాటకముందే ఐసు కరగడం మొదలైంది. పట్టా మీద నీరు చేరి, బండి బ్రేకు వేసినప్పుడు ముందుకీ, కదిలినప్పుడు వెనక్కీ పారుతోంది. పెద్దావిడ కాళ్లు పైకి ముడుచుకుని, ఆ నీటిని కాసేపు చూసి, నన్నడిగింది.

"మీ నాన్న సిల్లులెట్టలేదేటమ్మా దీనికి?"

లేదని తల అడ్డంగా ఊపాను.