ముందు చక్రాలు ముందుకు, వెనకవి వెనక్కి

నేను పిడుగురాళ్లలో సున్నపు బట్టీ గుమస్తాని. బడి చదువు పదితో ఆగినా, మిగిలిందంతా గ్రంథాలయంలోనే నేర్చుకున్నానని గొప్పలు పోయేవాణ్ణి. రిమోటుతో రాళ్లెక్కే చిన్న కారు నా సరదా. పోయినేడు దానికి ఉక్కు గేర్లు తెప్పించి, మోటారు వాహనాల పుస్తకంలో బొమ్మలు చూస్తూ నేనే బిగించాను. దాని మోటారుకు కొత్త తీగ చుట్టింది నా స్నేహితుడు మస్తాన్. బోరు మోటార్ల వైండింగే అతని బతుకుతెరువు.

"ఓసారి పైకెత్తి చక్రాలు తిప్పి చూద్దాం అన్నా," అన్నాడు.

"పుస్తకం చూసి బిగించింది తప్పెందుకవుద్దిరా?" అన్నాను.

ఆదివారం పాత క్వారీలో పదిమంది చేరారు. కారు మొదటి రాయి దగ్గరే గింజుకుంది తప్ప అంగుళం ఎక్కలేదు. అందరూ నవ్వుతుంటే తట్టుకోలేక, "మస్తాన్ చుట్టిన మోటారులో దమ్ము లేదు," అనేశాను.

అతను కారు నా దగ్గరకు తెచ్చి, పైకెత్తి, "నొక్కన్నా," అన్నాడు. ముందు చక్రాలు ముందుకు, వెనకవి వెనక్కి తిరిగాయి. వెనక ఇరుసులో గేరు తిరగేసి పెట్టింది నేనే. ఎవరూ చూడకముందే అతను గబుక్కున స్విచ్ కట్టేశాడు.

"అవునన్నా, వైండింగే వీకు," అన్నాడు అందరికీ వినపడేలా.

"అయితే నా బోరు మోటారు నీకెందుకిస్తానయ్యా?" అన్నాడు అక్కడున్న మిర్చి రైతు ఒకాయన.

అప్పుడైనా నేను నోరు విప్పాల్సింది. విప్పలేదు. ఆ మోటారు వేరే కొట్టుకు పోయింది.

మస్తాన్ ఇప్పటికీ ఆ మాట ఎత్తడు. ఇది అచ్చయితే, ఈ పేజీని అతని కొట్టు తలుపుకు నేనే అంటిస్తాను.