వాసన పోయిన వడ్రంగి

మా బావ వడ్రంగి. అక్కని చూడడానికి మొదటిసారి మా ఇంటికి వచ్చినప్పుడు ముందు మా తలుపుని వాసన చూశాడు. "ఇది టేకని అమ్మినవాడెవడో గానీ, మిమ్మల్ని నిండా ముంచాడండీ" అన్నాడు. మా నాన్న మొహం మాడ్చుకున్నాడు. అక్క మాత్రం లోపలి గదిలో పడీపడీ నవ్వింది. సంబంధం అక్కడే ఖాయమైపోయిందని నా నమ్మకం.

కళ్ళు మూసి, చిత్రిక పట్టిన పొట్టు ముక్కు దగ్గర పెడితే చాలు, ఏ కర్రో చెప్పేసేవాడు. సాయంత్రం ఇంటికి రాగానే గుమ్మంలోనే అక్క జుట్టు వాసన చూసి, "ఇవాళ సబ్బు మార్చావు" అనేవాడు. "పెళ్ళామనుకున్నావా, దూలమనుకున్నావా బావా?" అని ఏడిపించేదాన్ని.

ఒక పైకప్పుకి వాసాలు బిగిస్తూ పడ్డాడు. తలకి దెబ్బ. ప్రాణం దక్కింది, చేతిలో పనితనమూ దక్కింది. జ్ఞాపకం మాత్రం చిల్లుకుండ అయింది, పొద్దున పోసింది సాయంత్రానికి ఉండదు. వాసన బొత్తిగా పోయింది. ఆ తర్వాతే తాగుడు మొదలైంది. దెబ్బతిన్న తల కదా, కొంచెం మందు పడినా మనిషి నిలబడలేకపోయేవాడు.

అక్క ఒట్లు వేయించుకునేది. బావ కన్నీళ్ళతో వేసేవాడు, మర్నాడు తాగి వచ్చేవాడు. తాగుడు మాన్పించే కేంద్రంలో చేర్చాం. అక్కడ గంటలకొద్దీ మాట్లాడేవారు. చివరికి వచ్చేసరికి బావకి మొదలు గుర్తుండేది కాదు. మీటింగుకి రమ్మన్న సంగతే మర్చిపోయేవాడు. "ఈయనకి మారాలన్న కోరికే లేదండీ" అని పంపేశారు. నాకు ఒళ్ళు మండిపోయింది. కాలు విరిగినవాడు పరిగెత్తడం లేదని కోప్పడినట్టుంది వాళ్ళ వరస.

తర్వాత, తలదెబ్బలు తగిలినవాళ్ళని చూసే చోట ఒక కౌన్సెలరమ్మ దొరికింది. మాలో ఎవరికీ తోచని ప్రశ్న ఆవిడ ముందుగా అడిగింది.

"ఎందుకు తాగుతారు?"

బావ ముక్కు తడుముకున్నాడు. "ముక్కుకి అదొక్కటే తగుల్తుందండీ. ఇంకేదీ తగలదు."

అక్క కిటికీ వైపు తిరిగిపోయింది.

వాసన పోయినా ఘాటు తెలుస్తుందట. "అయితే ఆ ఘాటు ఇంకోచోట వెతుక్కుందాం" అంది కౌన్సెలరమ్మ. పని అయిపోగానే బావ చెవి మీది పెన్సిల్ తీసి పనిముట్ల పెట్టెలో వేస్తాడు. ఆ అలవాటు దెబ్బకి కూడా పోలేదు. పెన్సిల్ వేసే అరలోనే అల్లం ముక్కలు పెట్టమంది. చెయ్యి అక్కడికెళ్ళగానే ఒకటి నోట్లో వేసుకోవాలి, తిన్నగా ఇంటికి రావాలి. రోజూ అక్క ఆ సంగతే, అవే నాలుగు మాటల్లో గుర్తుచెయ్యాలి. అక్కడి డాక్టరుతో మాత్రలు కూడా రాయించింది. వెళ్ళేటప్పుడు అక్కతో, "ఒట్లు వేయించకండమ్మా. ఆయన మర్చిపోతారు, మీరు మర్చిపోలేరు" అంది.

బావ ఇదివరకు పనిచేసిన కార్ఖానా యజమాని మళ్ళీ పనిలో పెట్టుకున్నాడు, ఒక షరతు మీద. "తాగిన వాసన ఒక్కసారి వచ్చినా ఇక రావొద్దు." వాసనే తెలియని మనిషికి వాసన షరతు! పని లేకపోతే బావ మనిషిగా మిగలడని అక్కకి తెలుసు. అందుకని రోజూ సాయంత్రం గుమ్మంలో బావ నోరు తెరిచేవాడు, అక్క వాసన చూసేది. "ఇప్పుడు దూలం ఎవరో!" అనేదాన్ని. ఇద్దరూ నవ్వేవారు. అక్క దగ్గరికి వచ్చినప్పుడు బావ ముక్కు ఆమె జుట్టుకి ఆనేది. గట్టిగా గాలి పీల్చేవాడు. లోపలికి వెళ్ళిపోయేవాడు.

అలా కొన్ని నెలలు బాగానే గడిచాయి. ఒక సాయంత్రం బావ గుమ్మంలో కాలు పెట్టగానే గుప్పుమంది. అక్క మొహం పాలిపోయింది.

"తాగావా?"

బావ గుర్తు తెచ్చుకోబోయాడు. ఏమీ దొరకలేదు. "తాగాను కాబోలు. నీకు వాసనొస్తే తాగే ఉంటాను."

మెట్టు మీద కూలబడ్డాడు. "రేపు నేనే వెళ్ళి యజమానితో చెప్పేస్తాలే, ఇక రానని." రెండు చేతుల్లో మొహం దాచుకున్నాడు.

అక్క పక్కన కూర్చుని ఆ చేతులు తీయబోయింది. తన వేళ్ళు బావ వేళ్ళకి అంటుకున్నాయి. గోళ్ళ చుట్టూ ఎర్రగా లక్క! స్పిరిట్‌లో లక్క కరిగించి, గుడ్డతో రుద్దే పాలిష్ అది. ఇన్నాళ్ళూ చిత్రిక పట్టడం వరకే ఇచ్చిన యజమాని, ఆ వేళ మొదటిసారి నమ్మి పాలిష్ పని అప్పగించాడన్నమాట. అక్క గబగబా బావ నోరు తెరిపించి వాసన చూసింది. అల్లం వాసన తప్ప ఇంకేం లేదు.

"నువ్వు తాగలేదు. పాలిష్ పట్టావు."

"నిజంగా?"

"నిజంగా."

"మళ్ళీ చెప్పు."

మళ్ళీ చెప్పింది. బావ తన వేళ్ళు ముక్కు దగ్గర పెట్టుకుని పీల్చాడు, ఘాటు తప్ప ఇంకేం తగల్లేదు, దించేశాడు. అప్పుడు ఆ చెయ్యి అక్క ముందుకి చాపాడు.

"ఎలా ఉందే?"

అక్క కళ్ళు మూసుకుంది. "పెళ్ళయిన కొత్తలో నువ్వు పని నుంచి ఇంటికొచ్చినట్టుంది."

బావ చాలాసేపు తల ఊపుతూనే ఉన్నాడు.

"రేపటికి ఇది గుర్తుండదు నాకు" అన్నాడు.

"రేపొచ్చి అడుగు" అంది అక్క.