గడియారం పక్కన రాహుకాలం

మా నాయనకు రాహుకాలమంటే హడలు. చిత్తూరులో మాది పెళ్లి కార్డులు అచ్చువేసే చిన్న షాపు. రాహుకాలంలో ఆయన కొత్త ఆర్డరు ముట్టడు, కొత్త కాగితం కట్ట విప్పడు. ఆ రాహుకాలమేమో రోజుకొక వేళకు వస్తుంది. గోడ మీది కేలెండర్లో దాని వేళలు చీమ తలకాయంత అక్షరాల్లో ఉంటాయి, ఆయన కంటికి ఆనవు. అందుకని షట్టరు ఎత్తింది మొదలు నా ప్రాణం తీసేవాడు.

"పాపా, రాహుకాలం వచ్చిందా?"

"ఇంకా రాలేదు నాయనా."

"పోయిందేమో సూడు."

"రానిది ఎట్లా పోతాది నాయనా!"

విసుగెత్తి ఒకరోజు నెట్‌లో వెతికాను. కంప్యూటర్ స్క్రీను కింద కుడి మూలన టైము కనిపిస్తుంది కదా, ఆ అంకెల పక్కన ఏఎం, పీఎం అని ఉంటుంది. సెట్టింగుల్లోకి వెళ్లి వాటిని చెరిపేసి మనకు కావలసిన మాట పెట్టుకోవచ్చట. స్క్రీను మీది అక్షరాలన్నీ పెద్దవి చేసి, వేళ రాగానే అక్కడ 'రాహుకాలం' అని కొట్టేదాన్ని, అయిపోగానే తీసేసేదాన్ని. నాయన కుర్చీలోంచే చూసుకునేవాడు. నా చెవులకు కాస్త విశ్రాంతి దొరికింది. కానీ ఆయన వచ్చే పోయే వాళ్లందరికీ అది చూపించడం మొదలుపెట్టాడు. "సూడప్పా, కంప్యూటరే చెప్తా ఉండాది" అనేవాడు. చెప్తున్నది కంప్యూటరు కాదు, నేను అని మొత్తుకుంటే వింటేగా!

అంతలో నాకు పెళ్లి కుదిరింది. పాకాల సంబంధం. అబ్బాయికి తిరుపతిలో కళ్లద్దాల షాపు ఉంది. చిన్నప్పుడే తండ్రి పోతే పెద్దనాయనే పెంచి పెద్ద చేశాడు. మాట నెమ్మది. నాకు బాగా నచ్చాడు, దాచడమెందుకు. ఆ పెద్దనాయన మాత్రం రాహుకాలం విషయంలో మా నాయనను తలదన్నిన మనిషి. వాళ్ల కార్డులు కూడా మా షాపులోనే వేయాలని, శనివారం పదకొండు దాటగానే పని మొదలుపెట్టి రశీదు పంపాలని ఆయనే చెప్పాడు. వేళ ముందే తెలుసు గనక నాయన స్క్రీను మూల చూడకుండా, గోడ గడియారం చూసుకుని సరిగ్గా ఆ వేళకు రశీదు కొట్టి, అంచులకు పసుపు రాసి, నమూనా కార్డుతో పాటు పంపించాడు.

మర్నాడే పెద్దనాయన ఫోను. రశీదు మీద 'సమయం 11.03 రాహుకాలం' అని ఉందట. నాకు వెంటనే అర్థమైంది. శనివారం రాహుకాలం పదిన్నరకే అయిపోతుంది, నేను ఆ మాట తీయడం మరిచిపోయాను. రశీదేమో టైమును కంప్యూటర్లో ఎలా ఉంటే అలా ఎత్తి రాస్తుంది. ఫోను నేనే తీసుకున్నాను.

"పెద్దమామా, పదిన్నరకే అయిపోయింది గదా. ఆ వేళ పెట్టింది మీరే గదా!"

"అది కేలెండరు లెక్కమ్మా. పొద్దు పొడిచేదాన్ని బట్టి అది జరగతా ఉంటాది. కంప్యూటర్ సెకండ్లతో సహా లెక్కగట్టి చెప్పింది."

"అది నేను రాసిన మాట పెద్దమామా. దానికేం తెలీదు."

"తెలీకుండా అచ్చేస్తాదా? ఈ పెళ్లి గురించి మళ్లా ఆలోచించాల" అని పెట్టేశాడు. పక్కకు తిరిగితే మా నాయన, "ఏమో పాపా, కంప్యూటర్ ఊరికే చెప్తాదా?" అన్నాడు. తల గోడకేసి కొట్టుకోవాలనిపించింది.

సోమవారం అబ్బాయే షాపుకు వచ్చాడు. కంప్యూటర్ ముందు కూర్చోబెట్టి, ఆ మాట ఎలా పెట్టానో, ఎలా తీస్తానో చూపించాను. ఇట్టే అర్థం చేసుకుని నవ్వాడు. హమ్మయ్య అనుకున్నాను.

"అయితే ఆడ 'శుభఘడియ' అని పెట్టి ఇంకో రశీదు కొట్టియ్. పాతది తప్పు పడిందని చెప్తా."

"ఉన్న మాట చెప్పొచ్చు గదా?"

"పెద్దనాయనకు నేనెప్పుడూ ఎదురు చెప్పలేదు."

నాకు ఒళ్లు మండిపోయింది. అప్పటిదాకా 'మీరు' అంటున్నదాన్ని 'నువ్వు'లోకి దిగాను. "ఈరోజు రశీదు, రేపు ఇంకోటి. ఆయన ఒప్పుకునేదానికి బతుకంతా నేను అబద్ధాలు అచ్చేసి ఇస్తా ఉండాల్నా? నువ్వు పోయి ఉన్నదున్నట్టు చెప్పు. చెప్పలేకపోతే కార్డులు నిలిపేస్తా."

లేచి వెళ్లిపోయాడు. "ఒక కాగితం కొట్టిచ్చింటే ఏం పోయేది?" అని నాయన అరిచాడు. నాకూ లోపల అదే భయం. కోపం దిగేసరికి, నచ్చిన మనిషిని చేతులారా పోగొట్టుకున్నానేమోనని ఏడుపొచ్చింది.

సాయంత్రం ఫోను చేశాడు.

"చెప్పినాను."

"నమ్మినాడా?"

"లేదు. కంప్యూటర్ కంటే నీకెక్కువ తెలుసా అన్నాడు. కుదిరిన ముహూర్తానికే పెళ్లి చేసుకుంటా అన్నాను. పెద్దనాయన పెళ్లికి రానన్నాడు."

పెంచిన మనిషి.

"వింటా ఉండావా?" అన్నాడు. "కార్డులు కొట్టు. నేనొస్తా."