నా కాలు నాకిన కుక్కపిల్ల

ఏడో తరగతిలో బడి మానేశాను. మానేశానంటే గౌరవంగా ఉంటుంది గాని, నన్ను ఆపుదామని ఒక్క పంతులూ వెంటపడలేదు. అంతటి తెలివిగలవాణ్ణి, ఇంటికి కుక్కను ఎంచే పని నెత్తిన వేసుకున్నాను.

కుక్క కావలసింది మా అమ్మ కోసం. ఆమెకు చూపు బాగా మందగించింది. కాఫీ పళ్లు కోసే రోజుల్లో తెల్లారితే నేనూ నా భార్యా తోటలో ఉంటాం. పొద్దుగూకేదాకా అమ్మ ఒక్కతే. వాకిట్లోకి ఏదొచ్చినా చెప్పే గొంతు ఒకటి ఉండాలి.

హుకుంపేట దగ్గర మా మావ ఇంట్లో కుక్క ఈనింది. ఆయన అడ్డాకు విస్తట్లో అన్నం పెట్టి, పిల్లలు తింటుండగా నన్ను దగ్గరికి నడవమన్నాడు. నల్లపిల్ల ఒకటి అన్నం వదిలేసి నా మీద గుర్రుమంది. ఎర్రపిల్ల పరుగున వచ్చి నా కాలు నాకింది.

"గుర్రుమన్నది ఇంటికి పనికొస్తాది అల్లుడా. కాలు నాకింది సంతకి పోవాల. దానికి అందరూ సుట్టాలే," అన్నాడు మావ.

"మీ ఇంట్లో నన్ను సూసి సంతోసించిన పేణం ఇదొక్కటే మావా!"

అందరూ నవ్వారు. నా భార్య నవ్వలేదు. "కుక్క నీకు కాదు, అత్తకి," అంది. నవ్వుల సందడిలో ఎర్రదాన్నే చంకనెత్తుకున్నాను.

అది మంచిది. అదే చిక్కు. చీరలమ్మేవాడొచ్చినా, దారి తప్పిన టూరిస్టులొచ్చినా తోక ఊపడమే. 'మా ఇంటి రిసెప్షన్' అని పేరు పెట్టాను. అమ్మ మాత్రం, మొరుగు వినపడలేదంటే వాకిట్లో ఎవరూ లేరని నమ్మింది. ఆ నమ్మకం తప్పని నాకు తెలుసు. చెప్పలేదు. చెబితే, ఎంచింది నేనే గదా.

ఒక మబ్బు మధ్యాహ్నం, ఆరబోసిన చోళ్ల గింజల దగ్గర అలికిడయింది. మొరుగు లేదు. కుక్కే గింజల్లో పడిందనుకుని అమ్మ అదిలిస్తూ చేయి చాపి వెళ్లింది. అక్కడున్నది అడవిపంది. అది తోసుకుపోయిన తోపుకి అమ్మ తుంటి విరిగింది. మేం వచ్చేసరికి వాకిట్లోనే పడి ఉంది. కుక్క ఆమె వీపుకి ఆనుకుని పడుకుని ఉంది.

రోడ్డుదాకా డోలీలో మోశాం. దారి పొడుగునా నా నోట ఒక్క హాస్యమూ రాలేదు. నా భార్య ఆనాటి మాట ఎత్తలేదు. ఎత్తి నాలుగు తిట్టినా తేలికపడేవాణ్ణి.

ఆసుపత్రి నుంచి అమ్మ మంచంమీద ఇంటికొచ్చింది. తర్వాతి సంత రోజున కుక్క మెడకు తాడు కట్టాను.

"ఎక్కడికిరా దాన్ని?" అంది అమ్మ.

"సంతలో ఒగ్గేసి బేగొచ్చేస్తాను. మొరగని కుక్క మనకేటికి?"

అమ్మ నా గొంతు వైపు ముఖం తిప్పింది.

"అది మొరగదు గాని, ఆరోజు నా కాడే ఉంది. నువ్వు ఎప్పుడూ మొరుగుతూనే ఉంటావు. నువ్వెక్కడున్నావురా?"