వంకర ఎనిమిది

మొన్న ఆదివారం బర్గూరులో కార్లు బాగుచేసే మేస్త్రీ షెడ్డుకు పోయి మా పాత కారును చూసి వచ్చినప్పటి నుంచి నాకు ఒళ్ళు మండుతూనే ఉంది. హోసూరులో పాత కార్ల ప్రదర్శన పెడుతున్నారు, మన కారునూ నిలబెడదామని మనవరాలు ముచ్చటపడితే సరేనన్నాను. రంగు వేయించుకో, సీట్లు కుట్టించుకో అన్నాను. తీరా చూద్దును కదా, ముందున్న నంబరు ప్లేటు మాది కాదు. కొత్త రేకు తెచ్చి, అచ్చులో అక్షరాలు దించి, అంచులకు ఏదో గోధుమరంగు మందు పూసి, తుప్పు పట్టినట్టు తయారుచేసి బిగించారు. పాతదానిలా కనబడాలట. అసలు పాతదేమో నేలమీద గ్రీసు డబ్బాకు మూతగా పడి ఉంది!

ఆ రేకు సంగతి నా ఈడువాళ్ళకు చెబితేనే తెలుస్తుంది. మా ఆయనది చింతపండు వ్యాపారం. కల్లావి సంతకూ ఉద్దనపల్లి తోటలకూ తిరగడానికి ఆ నల్ల కారు కొన్నారు. వెనక సీటు నిండా బస్తాలే, అందుకే నేను పట్టుచీర కట్టుకుని పెళ్ళికి పోయినా నా దగ్గర పులుపు వాసనే వచ్చేది. కృష్ణగిరిలో అంగళ్ళకు బోర్డులు రాసే పెయింటరు నంబరు రాసి ఇచ్చాడు. రెండు వానాకాలాలకే ఆ తెల్లరంగు పెచ్చులూడింది. మళ్ళీ అతని దగ్గరికే తీసుకుపోతానని మా ఆయన అంటే నేను అడ్డం పడ్డాను. కిటికీలకు వేసిన తెల్ల పెయింటు డబ్బా అడుగున ఇంకా మిగిలి ఉండగా, ఉన్న గీతలమీద గీయడానికి పెయింటరెందుకు?

నేను బడికి పోయింది రెండో తరగతి దాకా. అంకెలు వచ్చు, ఇంగ్లీషు రాదు. మా ఆయన వంటింటి గచ్చుమీద సుద్దముక్కతో ఆ నంబరులోని మూడు ఇంగ్లీషు అక్షరాలూ రాసి నాచేత దిద్దించారు. ఎమ్ అంటే పక్కపక్కన రెండు కొండలని చెప్పారు. ఈనాటికీ నాకొచ్చిన ఇంగ్లీషు ఆ మూడక్షరాలే. బస్సుమీదో మందుసీసామీదో అవి కనబడితే సొంతవాళ్ళు ఎదురైనట్టుంటుంది.

ఆయుధపూజకు ముందురోజు చీపురుపుల్లకు గుడ్డ చుట్టి కూర్చున్నాను. అక్షరాలు ఒద్దికగానే వచ్చాయి గానీ, చివరనున్న ఎనిమిది మాత్రం పైసున్న పెద్దదై, కిందిసున్న చిన్నదై, నెత్తిన గంప మోసే మనిషిలా పక్కకు ఒరిగింది. తుడిచి రాద్దామంటే పెయింటు అయిపోయింది. చెక్‌పోస్టులో పోలీసాయన బండి ఆపి, ఎవరు రాసినారప్పా ఇది అని నవ్వితే, మా ఇంటిదేనని మా ఆయన దర్జాగా చెప్పుకున్నారట. అప్పటి నుంచి ప్రతి ఆయుధపూజకూ నేనే దిద్దాను, ఆ ఒరుగుమీదే, ఆయన కన్నుమూసిన ఏడాది కూడా. ఒకసారి లారీ గుద్దితే వెనక రేకు పోయింది; ముందుది ఒక్కటే మిగిలింది. ఈమధ్య చెయ్యి వణుకుతోందని నాలుగేళ్ళుగా ముట్టుకోలేదు, అంతే. దానికే మూతగా పెట్టేస్తారా అని షెడ్డులోనే మనవరాలిని నిలదీశాను.

“ఎనిమిది వంకరగా ఉండాది కదవ్వా, చూసేవాళ్ళు నగుతారు,” అనింది మనవరాలు.

“నగనీ. పోలీసోళ్ళే నగినారు, వీళ్ళెంత?”

“ఇది గూడా పాతదాని మాదిరే ఉండాది కదా?”

“నిజమైంది ఆడ గ్రీసు డబ్బా మింద ఉంటే, మాదిరి నాకెందుకే?”

ఇక మాటలతో పని లేదని కారు వెనక తలుపు తీసి, సంచి ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను.

“దిగమ్మా, ఇంకా పనుండాది,” అన్నాడు మేస్త్రీ.

“ఉంటే చేసుకోప్పా. నా రేకు ఆడ ఎక్కితేనే నేను ఈడ దిగేది.”

అతను మనవరాలివైపు తిరిగాడు. “పాపా, ఆ స్క్రూడ్రైవరు ఇట్లియ్యమ్మా. లేకుంటే మీ అవ్వను గూడా సీటుతోపాటు షోలో పెట్టాల్సి వస్తాది.”

రేకు ఎక్కింది, నేను దిగాను. కోపం మాత్రం దిగలేదు. మా కాలంలో ఒక వస్తువు పాతబడాలంటే దాన్ని వాడాలి, తుడవాలి, పోయినచోట దిద్దుకోవాలి, ఏళ్ళు గడవాలి. ఇప్పుడు సీసాలో అమ్మే మందుతో ఒక్క పూటలో పాతబడుతోంది, దాన్ని చూడటానికి జనం కూడా వస్తారట.

పని ముగిసి కారు ఇంటికి వచ్చాక చూస్తే ఎనిమిది సగం చెరిగిపోయి ఉంది. నా చేతికి కుదరదు, నువ్వు రాయి అంటే, మనవరాలు అట్టముక్క కత్తిరించి అచ్చు పెట్టుకుంటానంది. అచ్చూ వద్దు, ఏమీ వద్దు, చేత్తోనే రాయమన్నాను. ముందు సుద్దతో దిద్దించాలి గదా, ఆ వంటింటి గచ్చు ఇప్పుడెక్కడిది? ఇల్లంతా నున్నటి టైల్సు, సుద్ద పట్టదు. వాకిట్లో మెట్టుమీద కూర్చోబెట్టి, చీకటి పడేదాకా దిద్దించాను. చివరికి పెయింటుతో రాసింది. దాని ఎనిమిది నా ఎనిమిదికన్నా అధ్వానంగా, రెండోవైపుకు ఒరిగింది. తుడిచి మళ్ళీ రాస్తానంది.

తుడవనివ్వలేదు.