శిమొమురా గారి ఐదో స్పీకరు

ఒసాకాలో మా సందు మొత్తానికి ఒకటే కరెంటు స్తంభం. శిమొమురా కెంజో గారింటికి మాత్రం సొంతంగా ఒకటుంది. పక్కింటి ఫ్రిజ్‌తో పంచుకోని కరెంటైతేనే స్పీకర్లో వయొలిన్ వయొలిన్‌లా పలుకుతుందని, బస్సు డ్రైవరుగా రిటైరయ్యాక వాకిట్లో పాతించుకున్నాడు. ఆ స్తంభం మీద వాలిన పిచ్చుక శ్రుతి తప్పదు. నమ్మనివాళ్లు నాకంటే ఎక్కువ తరగతులు చదివినవాళ్లు, వాళ్లనేం చేయగలం.

ఆరు చాపలు పరిస్తే నిండిపోయే చిన్న గది. ఎదురుగా రెండు స్పీకర్లు, వాటికి సూటిగా కూర్చునే మెత్త ఒక్కటే. సంగీతం సరిగ్గా కుదిరేది ఆ మెత్త మీదే కాబట్టి, ఆదివారం వచ్చే మిత్రులు వయసు ప్రకారం ఒక్కొక్కరే దానిమీద కూర్చుంటారు. మిగతావాళ్లు మంగలి షాపులోలాగా వరండాలో టీ తాగుతూ వంతు కోసం చూస్తారు. గదిలో వెనక ఎడమ మూల ఆయన భార్య ఫుమియే గారి కుట్టుమిషను. పాట నడిచేటప్పుడు ఆవిడ కుట్టకూడదు, దగ్గకూడదు.

ఇంతలో కొత్తరకం డిస్కులొచ్చాయి. సీడీకంటే సూక్ష్మంగా, ఐదు వైపుల నుంచి మోగుతాయట. శిమొమురా ఆగలేకపోయాడు. డిస్కులు, ఇంకో మూడు స్పీకర్లు, ఐదింటినీ మోయగల ఆంప్లిఫయరు తెచ్చాడు. పాత ఆంప్లిఫయరు అలమారలోకి వెళ్లింది. ఐదో స్పీకరుకి కావలసిన చోటు సరిగ్గా మిషను మూలే.

"ఆదివారం దాకా పెట్టి చూడండి," అంది ఫుమియే. "ఇదే బాగుందంటే మిషను సకాయిలో మా చెల్లెలింటికి పంపేస్తా. దాని వెనకే నేనూ వెళ్తా."

ఆదివారం పళ్ల డాక్టరు ఇనుయి మొదట కూర్చున్నాడు. కళ్లు మూసుకున్నాడు. "హాల్లో ఉన్నట్టే ఉంది. వీపుకి గాలి తగులుతోంది."

తర్వాతి ఆయన, "గాలి కాదండీ, లోతు," అని సవరించాడు.

ముందున్న వయొలిన్లు పలచబడ్డాయని శిమొమురా చెవికి ఎప్పుడో తెలుసు. కొన్నాక ఆ మాట అనడానికి నోరు రాలేదు.

"నేనూ ఓసారి," అంటూ ఫుమియే వచ్చి మెత్త మీద కూర్చుంది. ఆవిడ దానిమీద కూర్చోవడం అదే మొదలు. వరండాలో కప్పులు ఆగిపోయాయి.

"నా మిషను మూల నుంచి ఎవరో దగ్గుతున్నారు."

"ప్రేక్షకులమ్మా. అసలు హాలంటే అదే," అన్నాడు ఇనుయి.

ఆవిడ మొగుడి వైపు తిరిగింది. "నేను దగ్గితే బయటికి పొమ్మంటారు. ఆ మూల దగ్గేవాడికి మాత్రం స్పీకరు కొనిపెట్టారు."

ఎవరికో టీ పొలమారింది.

"ఇనుయి గారూ, ఈ డిస్కు పాత రెండు స్పీకర్లలో మోగదా?" అంది ఫుమియే.

"ఎందుకు మోగదు? రెండు స్పీకర్లకి విడిగా కలిపిన పాట కూడా ఇందులోనే ఉంటుంది."

"మరి చెప్పలేదేం?"

"ఎవరూ అడగలేదు," అన్నాడు డాక్టరు.

శిమొమురా అలమారలోంచి పాత ఆంప్లిఫయరు దింపి తీగలు మార్చాడు. అదే డిస్కు, రెండే స్పీకర్లు. వయొలిన్లకి మళ్లీ ఒళ్లొచ్చింది. సీడీలో ఎన్నడూ వినపడని, తీగల మీద కమాను రాపిడి కూడా వినపడింది.

"డిస్కులుంటాయి," అన్నాడు చివరికి. "ఆ మూడూ వెనక్కి పోతాయి."

పై ఆదివారం మెత్త మీద ఇనుయి కళ్లు తెరిచాడు. "వెనక ఎడమ నుంచి టకటకమంటోంది. కొత్తదా?"

"పాతదే," అన్నాడు శిమొమురా, వెనక్కి తిరక్కుండా. "దానికి ఆపే బటన్ లేదు."