అక్క హోటల్ బోర్డుకు కట్టిన ధర

ఈ పొద్దున మా అమ్మాయి ఫోన్ ముందు కూర్చుని కాలేజీ పిల్లలకు కామర్స్ పాఠం చెబుతుంటే, పక్క గదిలో చిక్కుడుకాయలు గిల్లుకుంటున్న నా చెవిన గుడ్‌విల్ అనే మాట పడింది, చేతిలో కాయ చేతిలోనే ఉండిపోయింది. సంతకానికి మించి నాకు చదువు రాదు, ఇది కూడా నేను చెబుతుంటే మనవరాలు రాస్తున్నది. కానీ ఆ ఒక్క ఇంగ్లీషు మాటకు అర్థం మాత్రం నాకు ఎవరూ చెప్పనక్కరలేదు.

మన ఈడు వాళ్లకు గుర్తుండే ఉంటుంది, బెజవాడ రోడ్డు ఇంత వెడల్పు కాకముందు లారీలన్నీ సూర్యాపేట మొగదలనే ఆగేవి. అక్కడ కిరాయి జాగాలో, రేకుల కింద మాకు ఒక హోటల్ ఉండేది. గల్లా దగ్గర మా ఆయన, వడ్డనకు నేను, పొయ్యి దగ్గర మా ఆడబిడ్డ. ఆమె మా ఆయనకు అక్క, నాకు వదినె, మగనితో పొసగక తమ్ముని ఇంటికి వచ్చేసిన మనిషి. నోరు కొంచెం దురుసు గానీ, ఆమె జొన్నరొట్టె, చింతకాయ తొక్కు తిన్న డ్రైవరు కోదాడలో ఆకలైనా కడుపు మాడ్చుకుని మా దగ్గరికి వచ్చే తినేవాడు. వాళ్లు అక్కా, అక్కా అని పిలిచీ పిలిచీ హోటల్‌కు ఆ పేరే ఖాయమైంది. లారీలకు రంగులు వేసే ఒకతను రేకుముక్క మీద అక్క హోటల్ అని రాసి, రొట్టెల బాకీ కింద జమ చేసుకోమని గుమ్మానికి కట్టిపోయాడు.

మా ఆయన పోయిన తర్వాత కూడా ఇద్దరం ఆడవాళ్లం హోటల్ నడుపుకుంటూనే వచ్చాం. ఇంతలో మా అమ్మాయికి హైదరాబాదులో పెద్ద చదువుకు సీటు వచ్చింది, ఫీజు చూస్తే హోటల్ రాబడికి అందేది కాదు. సరిగ్గా అప్పుడే కోదాడ నుంచి ఒకాయన హోటల్ కొంటానని వచ్చాడు. "గిన్నెలు, బెంచీలు నచ్చకపోతే మార్చుకుంటానమ్మా, బోర్డు మాత్రం కదపకండి" అని, సామాను ధర మీద చాలా ఎక్కువే ఇచ్చి పోయాడు. మా దిక్కు అన్నదమ్ములు వేరుపడితే పెద్దమనుషులు గిన్నెలు, గొడ్లు, గుంటల లెక్కన భూమి పాళ్లు వేస్తారు, పేరును ఎవరూ పంచరు. నేనూ ఆ పద్ధతే పట్టుకుని, గిన్నెలకు వచ్చిన ధరలో సగం వదినె చేతిలో పెట్టాను, మిగిలిందంతా అమ్మాయి చదువుకు తీశాను. వదినె ఆ పైసలు తీసుకుంది. మిర్యాలగూడలో ఒక రైస్ మిల్లులో హమాలీలకు వంట చేయడానికి వెళ్లిపోయింది.

అమ్మాయి చదువు ముగించి సూర్యాపేటలోనే ఒక కాలేజీలో కామర్స్ చెప్పే మేడం అయింది. సాయంత్రాలు మా వరండాలో ట్యూషన్ ఉండేది. ఆమె పద్ధతి వేరు. పుస్తకం మూసి, పేపర్లో వచ్చిన కంపెనీ వార్త చదివించి, ఇది ఆస్తా, అప్పా, ఖర్చా అని పిల్లలను నిలదీసేది. బస్సుల కంపెనీ పాత బస్సులను తుక్కుకు అమ్మిన వార్త వస్తే ఆ రోజు తరుగుదల పాఠం. లాభం చూపించిన కంపెనీ జీతాలు ఇవ్వలేదని వస్తే, లాభం వేరు, చేతిలో పైసలు వేరు అనే పాఠం. బియ్యం ఏరుకుంటూ నేనూ వినేదాన్ని. లోకంలో ఇంత పెద్దవాళ్లు కూడా మనలాగే తంటాలు పడతారా అని ముచ్చటగా ఉండేది.

ఒకనాడు, ఒక పెద్ద బిస్కెట్ల కంపెనీ చిన్న పచ్చళ్ల కంపెనీని కొన్న వార్త తెచ్చింది. మిషన్లకు, బిల్డింగుకు కలిపినా అంత ధర కాదట, ఆ ఎక్కువ ఇచ్చింది దేనికో చెప్పమని అడిగింది. తర్వాత తనే, జనంలో ఉన్న మంచిపేరుకు, దాన్నే గుడ్‌విల్ అంటారు, అదీ ఆస్తే అని చెప్పింది. చివ్వెంల నుంచి వచ్చే గొర్లకాపరుల పిల్ల ఒకతె ఉండేది, నోరు ఊరుకునేది కాదు.

"మా గొర్లకు మంచి పేరుంది మేడం, మా నాయినకే లేదు. ఎట్ల రాయాలె?"

అందరూ నవ్వారు. ఆ నవ్వులోనే మా అమ్మాయి నా వైపు తిరిగింది. "అమ్మా, మన హోటల్ సామాను మీద కోదాడాయన ఎక్కువెందుకిచ్చిండే? జర పిల్లలకు చెప్పు."

"రోడ్డు పక్క జాగ గదా" అన్నాను.

"జాగ కిరాయిదని మేడం చెప్పింది గదవ్వా" అంది ఆ పిల్ల. "బోర్డు మీద అక్క అంటే నువ్వేనా?"

"కాదు బిడ్డా, మా ఆడబిడ్డ."

"మరి ఆమెకెంతిచ్చిన్రు?"

పిల్లలు మళ్లీ నవ్వారు గానీ మా అమ్మాయి నవ్వలేదు. తన ఫీజు ఎక్కడి నుంచి వచ్చిందో ఆమెకు అప్పుడే తట్టింది. సుద్దముక్క కింద పెట్టి ఆ పూటకు పాఠం చాలించింది. తర్వాత నన్ను ఒక్క మాట అనలేదు, అంటే బాగుండేది. నెలనెలా జీతంలో కొంత మిగిల్చి, ఒక రోజు ఆ పైసలు నా చేతిలో పెట్టి, అత్తమ్మకు ఇచ్చి రమ్మంది.

మిర్యాలగూడ బస్సెక్కాను. మిల్లు వెనక షెడ్డులో, ఊక పొయ్యి ముందు వదినె రొట్టెలు కొడుతూ ఉంది.

"పీట గుంజుకో పిల్లా. చిక్కిపోయినవేందే, నీ బిడ్డ తిండి పెడ్తలేదా?"

పైసలు ముందు పెట్టి, "ఇవి బోర్డు పైసలు, వదినె" అన్నాను. రేకుముక్కకు ఇన్ని పైసలేందని నవ్వింది. పేపర్లో వచ్చిన వార్త, పాఠం, నాకు అర్థమైన కాడికి చెప్పాను. రొట్టె తిరగేస్తూ అంతా విన్నది.

"గా బిస్కెట్లోడు పచ్చళ్లు పెట్టే ఆడోళ్లకు గిట్ల ఏమన్న ఇచ్చిండా, ఉత్త పేరే కొన్నడా?"

పేపర్లో అది రాయలేదన్నాను.

"రాయరు" అంది. చెయ్యి తుడుచుకుని పైసలు కొంగున ముడేసుకుంది. "తీసుకుంట. వద్దననీకి నేనేం దేవతనా? గని పిల్ల సదువుకని అడిగితే ఇయ్యకపోదునా నేను? నువ్వైన ఏం జేస్తవులే, బేరమైన దినం నేను తిరుమలగిరిల ఉంటి. ఉండి ఉంటే అడుగుదువు."

నేను అవునన్నాను. నాకు రొట్టె వేసింది, తిన్నాను. సూర్యాపేట వచ్చి నా దగ్గర ఉండమని అడిగితే, హమాలీలు ఉపాసం పడుకుంటారని రానంది.

ఇప్పుడు లారీలు ఫ్లైఓవర్ మీదుగా ఊరు చూడకుండానే వెళ్లిపోతున్నాయి. రోడ్డు పొడుగునా అద్దాల హోటళ్లు వచ్చాయి, లోపల వండేది ఎవరో తినేవాళ్లకు తెలియదు, తెలుసుకోవాలనీ ఉండదు. అయినా ఈ కాలం పిల్లలు నయం, మరి ఆమెకెంత అని నోరు తెరిచి అడుగుతున్నారు. మా కాలంలో అట్లా అడిగేవాళ్లు ఉంటే నేనూ దారికి వచ్చేదాన్నని, పేరుకు ధర ఉంటుందని నాకెవరు చెప్పారని, చాలాకాలం సర్దిచెప్పుకున్నాను. కానీ బోర్డు మాట కోదాడాయన బేరానికి రెండు రోజుల ముందే నాతో అని పోయాడు. బేరం రోజున ఆ మాట ఆమె చెవిన పడకూడదనే, అటక మీద బస్తా నిండా ఎండుమిరపకాయలు ఉండగానే, మిరపకాయలు తెమ్మని ఆమెను తిరుమలగిరి బస్సు ఎక్కించింది నేనే.